కొత్త నగరంలో పబ్లిక్ గోల్ఫ్ కోర్సులను ఎలా పరిచయం చేసుకోవాలి?

కొత్తటీ (చర్చ మొదలుపెట్టినవారు)

సభ్యులందరికీ నమస్కారం. ఉద్యోగరీత్యా ఈ మధ్యే కొత్త నగరానికి మారాను. ఇంతకుముందు ఉన్నచోట ఏళ్ల తరబడి ఒకే కోర్సులో, ఒకే జట్టుతో ఆడాను కాబట్టి ఏ గ్రీన్ (కప్పు ఉండే నున్నటి పచ్చిక) మీద బంతి ఎటు మళ్లుతుందో, ఏ వేళకు వెళితే రద్దీ ఉండదో నాకు బాగా తెలిసి ఉండేది. ఇక్కడ అందరూ ఆడుకోగల పబ్లిక్ కోర్సులు చాలానే ఉన్నాయి గానీ, మొదట దేనికి వెళ్లాలో, ఒంటరిగా వెళితే ఆడనిస్తారో లేదో తేల్చుకోలేకపోతున్నాను. ఇంటర్నెట్‌లో అభిప్రాయాలు చూస్తే ఒకే కోర్సుకు ఒకరు ఐదు నక్షత్రాలు ఇచ్చారు, మరొకరు ఒక్కటే ఇచ్చారు. నా హ్యాండిక్యాప్ ఇండెక్స్ (ఆట స్థాయిని చెప్పే అంకె, తక్కువైతే ఆట మెరుగు) 18.0. క్లబ్బు సభ్యత్వం తీసుకునే ఆలోచన ప్రస్తుతానికి లేదు. ఇలా ఊరు మారినవారు ఏ క్రమంలో వెళ్లారో, ఏమేమి గమనించారో వివరంగా రాస్తే నాకు ఎంతో మేలు చేసినవారవుతారు.

నాలుగోఆటగాడు

కొత్తటీ గారూ, ఒంటరిగా ఉండడం మీకు ఇబ్బంది కాదు సరికదా, పబ్లిక్ కోర్సుల విషయంలో అది కలిసివచ్చే సంగతి. చాలాచోట్ల ఎనిమిది నుంచి పది నిమిషాలకు ఒక జట్టు చొప్పున, జట్టుకు నలుగురిని మించకుండా మొదటి టీ (ఆట మొదలుపెట్టే చోటు) నుంచి పంపుతారు. నలుగురికీ కలిపి వారాంతం ఉదయం టీ టైమ్ (ఆట మొదలుపెట్టే వేళ) దొరకడం కష్టమే గానీ, ముగ్గురే వచ్చిన జట్టులో మిగిలిపోయిన ఆ ఒక్క చోటు చివరి నిమిషం దాకా ఖాళీగానే ఉంటుంది. కోర్సు వాళ్లకు కూడా ఆ చోటు నిండితేనే లాభం. కాబట్టి ఆడదలచుకున్న రోజు ఉదయమే ప్రో షాప్‌కు (కోర్సులో పేర్లు నమోదు చేసే దుకాణానికి) ఫోన్ చేసి, "నేను ఒక్కడినే, ఏ జట్టులోనైనా చోటుంటే కలుస్తాను, వేళ మీరే చెప్పండి" అని అడగండి. వేళ విషయంలో పట్టుదల లేని ఒంటరి ఆటగాడిని కాదనేవారు తక్కువ.

ఇక రెండో మాట. మొదటి టీ దగ్గర కుర్చీ వేసుకుని జాబితా పట్టుకుని కూర్చునే స్టార్టర్‌తో మాట కలపండి. అరగంట ముందు వెళ్లి, మీ పేరు నమోదు చేయించుకున్నాక, "ఇక్కడ మొదటిసారి ఆడుతున్నాను, ఏ హోల్‌లో జాగ్రత్తగా ఉండాలి?" అని ఒక్క ప్రశ్న వేస్తే చాలు. టీ మీద నుంచి కనబడని నీటి కాలువ ఎక్కడుందో, ఏ గ్రీన్ వెనక్కి జారుతుందో, మంగళవారం మధ్యాహ్నం ఎందుకు ఖాళీగా ఉంటుందో, శనివారం ఏ పోటీ కోసం కోర్సు మూసి ఉంచుతారో ఆయనకు తెలిసినంతగా మరెవరికీ తెలియదు. నక్షత్రాల లెక్క చూసి వెళ్లేకంటే ఆ ఐదు నిమిషాల సంభాషణను నేను ఎక్కువగా నమ్ముతాను.

స్కోరుకార్డు

నక్షత్రాల మాట పక్కన పెడితే, నమ్మదగిన అంకెలు కొన్ని స్కోరుకార్డు మీదే అచ్చయి ఉంటాయి. వాటిని చదవడం వస్తే వెళ్లకముందే కోర్సు స్వభావం కొంత తెలుస్తుంది. కోర్సు రేటింగ్ అంటే స్క్రాచ్ ఆటగాడు, అంటే హ్యాండిక్యాప్ సున్నా ఉన్నవాడు, మామూలు పరిస్థితుల్లో ఎంత స్కోరు చేయవచ్చునన్న అంచనా. స్లోప్ రేటింగ్ మనలాంటి వారికి ఆ కోర్సు స్క్రాచ్ ఆటగాడితో పోలిస్తే ఎంత అదనంగా కష్టమవుతుందో చెబుతుంది. స్లోప్ 55 నుంచి 155 వరకు ఉంటుంది. ప్రామాణికంగా తీసుకునే విలువ 113.

మీ ఇండెక్స్‌తోనే లెక్క వేద్దాం. పార్ (నిపుణుడికి పట్టవలసిన దెబ్బల సంఖ్య) 72, కోర్సు రేటింగ్ 71.2, స్లోప్ 128 ఉన్న టీల నుంచి ఆడితే, 18.0ను 128తో గుణించి 113తో భాగించాలి. అప్పుడు సుమారు 20.4 వస్తుంది. దానికి రేటింగ్‌కూ పార్‌కూ ఉన్న తేడా, అంటే మైనస్ 0.8 కలిపితే 19.6 అవుతుంది. సవరిస్తే మీ కోర్సు హ్యాండిక్యాప్, అంటే అక్కడ మీకు దక్కే అదనపు స్ట్రోకులు (దెబ్బలు), 20. అదే పార్ 70, రేటింగ్ 68.4, స్లోప్ 105 ఉన్నచోట మీకు వచ్చేది 15 మాత్రమే. రెండూ పబ్లిక్ కోర్సులే, రెండూ 18 హోళ్లే, కానీ మీకు దక్కే స్ట్రోకుల్లో ఐదు తేడా ఉంది. కొత్త ఊళ్లో మొదట ఈ రెండో రకం కోర్సుకు వెళ్లమని నా సలహా. బంతులు పోగొట్టుకోకుండా, వెనక జట్టును ఆపకుండా ఆడితేనే పరిసరాలను గమనించే తీరిక చిక్కుతుంది.

ఒక హెచ్చరిక కూడా అవసరం. స్లోప్ ఎక్కువగా ఉన్నంత మాత్రాన మంచి కోర్సు కాదు, తక్కువైతే చిన్నచూపు చూడనక్కరలేదు. అది కష్టాన్ని కొలుస్తుందే తప్ప, పచ్చిక ఎలా ఉందో, ఆట ఎంత హాయిగా సాగుతుందో చెప్పదు.

పచ్చికపని

నేను కోర్సు నిర్వహణ పనిలో ఉన్నవాడిని. పచ్చిక ఎలా ఉందో స్కోరుకార్డు చెప్పదని పైన రాసిన మాట అక్షరాలా నిజం. అది తెలుసుకోవాలంటే డబ్బు కట్టకముందే పది నిమిషాలు తిరిగి చూడవచ్చు.

ముందుగా పుటింగ్ (బంతిని కప్పులోకి దొర్లించడం) ప్రాక్టీస్ గ్రీన్ దగ్గరికి వెళ్లండి. చాలా కోర్సుల్లో దాన్ని మిగతా గ్రీన్‌లతో పాటే కోస్తారు కాబట్టి లోపలి గ్రీన్‌లు ఎలా ఉంటాయో అక్కడే తెలిసిపోతుంది. మోకాళ్ల మీద కూర్చుని కప్పు అంచు చూడండి. కప్పు వ్యాసం 4.25 అంగుళాలు, అంటే 108 మిల్లీమీటర్లు. దాని అంచు పదునుగా, గుండ్రంగా ఉంటే ఆ రోజు ఉదయమో ముందు రోజో కొత్త చోటికి మార్చారన్నమాట. అంచు అరిగి, చుట్టూ పచ్చిక నలిగి, బోర్లించిన పళ్లెంలా ఉబ్బి కనబడితే చాలా రోజులుగా కదిలించలేదని అర్థం. ఆ తరవాత బంతులు పడ్డచోట ఏర్పడే గుంటలను చూడండి. అవి సరిచేసి ఉంటే అక్కడ ఆడేవాళ్లు కోర్సును తమదిగా చూసుకుంటున్నారు. మానక నల్లబడిన మచ్చలు గ్రీన్ నిండా ఉంటే సిబ్బంది ఎంత కష్టపడుతున్నా ఆ ఉపరితలం మీద పుట్ నిలకడగా దొర్లదు.

పార్-3 హోళ్ల టీలను తప్పకుండా చూడండి. అక్కడ చాలామంది ఐరన్‌తో (లోహపు తల ఉన్న కర్రతో) కొడతారు కాబట్టి డివట్‌లు (కర్ర తగిలి ఊడే పచ్చిక ముక్కలు) ఎక్కువగా లేస్తాయి, టీ మామూలు కంటే త్వరగా పాడవుతుంది. టీ గుర్తులను రోజూ జరుపుతూ, డివట్‌లలో ఇసుకా విత్తనమూ నింపుతూ ఉంటే ఆ కోర్సును శ్రద్ధగా చూసుకుంటున్నారని నిశ్చయంగా చెప్పవచ్చు. ఇసుక బంకర్లలో ఇసుకను చదును చేసే రేక్‌లు ఉన్నాయా, ఇసుక అడుగున మట్టి తేలిందా అన్నది కూడా చూడండి.

చాలామంది అడగకుండా వదిలేసే ముఖ్యమైన ప్రశ్న ఒకటుంది: "గ్రీన్‌లకు ఎయిరేషన్ ఎప్పుడు చేశారు, మళ్లీ ఎప్పుడు చేస్తారు?" నడక వల్ల నేల గట్టిపడి వేళ్లకు గాలీ నీరూ అందవు కాబట్టి, ఏడాదిలో ఒకటి రెండుసార్లు బోలు గొట్టాలతో గ్రీన్ అంతటా చిన్న చిన్న మట్టి ముక్కలు తీసి, ఆ రంధ్రాల్లో ఇసుక నింపుతారు. ఆ తరవాత కొన్ని వారాల పాటు బంతి ఎగురుతూ, దారి తప్పుతూ పోతుంది. ఒకే కోర్సుకు ఐదు నక్షత్రాలూ ఒక నక్షత్రమూ వచ్చాయని కొత్తటీ గారు రాశారు. ఒకరు ఎయిరేషన్‌కు ముందు, మరొకరు అది అయిన వారానికి ఆడి ఉంటే ఇద్దరూ నిజమే రాసి ఉండవచ్చు. అభిప్రాయం చదివేటప్పుడు నక్షత్రాల కంటే తేదీ చూడండి.

ఊరంతాఆట

నేను కాస్త వేరుగా ఆలోచిస్తాను. మొదటి రెండు మూడు నెలల్లో దగ్గరలో ఉన్న పబ్లిక్ కోర్సులన్నింటిలోనూ తలా ఒకసారి ఆడి, ఆ తరవాతే ఒకటి ఎంచుకోవడం మేలు. ఒకేచోట స్థిరపడితే అదే బాగుందనిపిస్తుంది, పోల్చుకోవడానికి ఏమీ ఉండదు. 18 హోళ్లు ఆడే తీరిక లేకపోతే సాయంత్రం వేళ తొమ్మిది హోళ్లు ఆడండి. పొద్దు వాలే ముందు రుసుము తగ్గించే పద్ధతి చాలా పబ్లిక్ కోర్సుల్లో ఉంది.

నాలుగోఆటగాడు

ఊరంతాఆట గారి మాటను గౌరవిస్తూనే విభేదిస్తున్నాను. ప్రతి కోర్సునూ ఒక్కసారి ఆడితే మనకు ఆ రోజు వాతావరణమూ, ఆ రోజు మన ఆటా, ఆ రోజు ముందున్న జట్టు వేగమూ మాత్రమే తెలుస్తాయి. కోర్సు తెలియదు. ఒకే కోర్సుకు వేర్వేరు వారాల్లో, వేర్వేరు వేళల్లో వెళితే స్టార్టర్ మన ముఖం గుర్తుపడతాడు, "నిన్న మీతో ఆడిన ఇద్దరూ రేపు ఉదయం వస్తున్నారు, మూడో మనిషిగా చేరతారా?" అని ఆయనే అడుగుతాడు. కొత్త ఊరిలో మనకు కావలసింది కోర్సుల పట్టిక కన్నా కలిసి ఆడే మనుషులు కదా. ఆ మనుషులు దొరికాక మిగతా కోర్సుల సంగతి వాళ్లే చెబుతారు, వాళ్లే తీసుకెళతారు కూడా. అందుకే ఇంటికి దగ్గరలో ఉన్న, సులువైన ఒక కోర్సును ముందు పట్టుకుని, అక్కడి నుంచి విస్తరించడమే సరైన దారి అని నా గట్టి అభిప్రాయం.

తెల్లగుర్తు

ఈ చర్చలో మహిళల కోణం నుంచి ఒక విషయం చేర్చాలి. కొత్త కోర్సుకు వెళ్లినప్పుడు నేను మొదట చూసేది ముందరి టీలను. కొన్నిచోట్ల వాటిని ఫెయిర్‌వే (టీకీ గ్రీన్‌కీ మధ్య కోసిన పచ్చిక దారి) పక్కన చదును చేయని చిన్న స్థలంలో, ఇంకేదీ కుదరక పెట్టినట్టు పెడతారు. మరికొన్నిచోట్ల మిగతా టీలంత శ్రద్ధగా కట్టి, నీటిని దాటించే షాట్‌కు న్యాయమైన దూరం ఇస్తారు. కొత్తగా వచ్చేవారి గురించి, తక్కువ దూరం కొట్టేవారి గురించి ఆ కోర్సు ఏమనుకుంటున్నదో అక్కడే తెలిసిపోతుంది. స్కోరుకార్డు మీద ముందరి టీలకు కూడా రేటింగ్, స్లోప్ ఉన్నాయా, పురుషులకూ స్త్రీలకూ విడివిడిగా ఇచ్చారా అన్నది చూడండి. విడివిడిగా ఇవ్వడమే పద్ధతి.

పురుషులు కూడా రంగు చూసి కాక, దూరం చూసి టీ ఎంచుకోవాలి. దీనికి వాడుకలో ఉన్న ఒక లెక్క ఉంది: మీరు 5-ఐరన్‌తో మామూలుగా కొట్టే దూరాన్ని 36తో గుణించండి. అది 150 గజాలైతే మొత్తం 5,400 గజాల దరిదాపుల్లో ఉన్న టీలు మీకు తగినవి. తెలియని జట్టులో ముగ్గురు వెనక టీల నుంచి కొడుతున్నారని నాలుగో మనిషి కూడా అక్కడి నుంచే కొట్టనక్కరలేదు. ఒకే జట్టులో వేర్వేరు టీల నుంచి ఆడడం నిబంధనల ప్రకారమూ, మర్యాద ప్రకారమూ పూర్తిగా సమ్మతమే.

ఇంకొక మాట. ఒంటరిగా వెళ్లే మహిళలు సాయంత్రపు టీ టైమ్ తీసుకునేటప్పుడు, ఆట ముగిసే వేళకు క్లబ్‌హౌస్‌లో ఎవరైనా ఉంటారా, పార్కింగ్ దగ్గర వెలుతురు ఉంటుందా అని ముందే అడిగి తెలుసుకోవడం మంచిది. చాలా పబ్లిక్ కోర్సుల్లో మహిళల జట్లు వారంలో ఒక నిర్ణీత రోజున ఆడతాయి. ఆ రోజు ఏదో అడిగితే సిబ్బంది సంతోషంగా చెబుతారు, ఆ జట్లు కూడా కొత్తవారి కోసం ఎదురుచూస్తూ ఉంటాయి.

కొత్తటీ

అందరికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. ఇంత వివరంగా రాస్తారని ఊహించలేదు. నాకు ఇంకా ఒక బెంగ మిగిలింది. పరిచయం లేని ముగ్గురితో ఆడేటప్పుడు నా వల్ల ఆట ఆలస్యమవుతుందేమోనని, వాళ్లు విసుక్కుంటారేమోనని భయంగా ఉంటుంది. ఏ హోల్ ఎటు పోతుందో తెలియని చోట అది ఇంకా ఎక్కువ. దీన్ని ఎలా ఎదుర్కోవాలి?

సిద్ధంగాఉంటే

కొత్తటీ గారూ, పరిచయం లేనివాళ్లు మన స్కోరు ఎంతో పట్టించుకోరు. 110 కొట్టినా చకచకా నడిచేవారితో ఎవరికీ ఇబ్బంది ఉండదు. 80 కొట్టి ప్రతి పుట్‌కూ నాలుగు వైపుల నుంచి చూసేవారితోనే కష్టం. 2019లో సవరించిన నిబంధనలు కూడా ఈ దిశగానే వచ్చాయి. బంతిని వెతకడానికి అంతకుముందు ఐదు నిమిషాలు ఉండేది, దాన్ని మూడు నిమిషాలకు తగ్గించారు. ఆటంకం లేనప్పుడు ఒక స్ట్రోకును 40 సెకన్లకు మించకుండా ఆడాలని సిఫార్సు చేశారు. స్ట్రోక్ ప్లేలో (మొత్తం దెబ్బలు లెక్కించే ఆటలో), ప్రమాదం లేని పక్షంలో, ఎవరు సిద్ధంగా ఉంటే వాళ్లు ముందు కొట్టవచ్చునని స్పష్టంగా చెప్పారు.

మొదటి టీ దగ్గర పేరు చెప్పుకుని చేయి కలిపాక, "ఈ కోర్సు నాకు కొత్త, సిద్ధంగా ఉన్నవాళ్లం కొట్టుకుంటూ పోదామా?" అని అడగండి. ఎవరూ కాదనరు. ఎదుటివాళ్లకు దారి చూపించే అవకాశం ఇచ్చినట్టూ అవుతుంది. ఆ తరవాత ప్రతి హోల్‌లో "ఇక్కడ ఎటువైపు కొట్టాలి?" అన్న ప్రశ్నకు సమాధానం దానంతటదే వస్తుంది.

బంతి పొదల్లోకో, తెల్ల కర్రలు దాటి హద్దుల అవతలికో పోయిందనిపిస్తే అక్కడే ప్రొవిజనల్ బంతి (మొదటిది దొరకకపోతే పనికొచ్చే రెండో బంతి) కొట్టేయండి. నిబంధన ప్రకారం పోయిన బంతికి ఒక స్ట్రోకు జరిమానాతో ఆ దెబ్బ కొట్టిన చోటికే తిరిగి వెళ్లాలి, రద్దీగా ఉన్న పబ్లిక్ కోర్సులో అది అందరినీ ఆపేస్తుంది. అందుకే సరదా ఆటల కోసం, రెండు స్ట్రోకుల జరిమానాతో బంతి పోయిన ప్రాంతానికి సమీపంలోని ఫెయిర్‌వే అంచు దగ్గర డ్రాప్ చేసుకునేందుకు ఒక స్థానిక నియమాన్ని అమలు చేసుకునే వీలు 2019 నుంచి కోర్సులకు ఉంది. మీరు వెళ్లే కోర్సులో అది అమల్లో ఉందో లేదో స్కోరుకార్డు వెనక చూడండి. ఎరుపు, పసుపు కర్రలు పెనాల్టీ ఏరియాలకు (నీరు వంటి జరిమానా ప్రాంతాలకు) గుర్తు. వీటి గురించి మొదటి టీ దగ్గరే ఒకసారి చూసుకుంటే మధ్యలో వాదనలు రావు.

ముందున్న జట్టుకూ మీ జట్టుకూ మధ్య ఒక హోల్ మొత్తం ఖాళీ ఏర్పడి, వెనకవాళ్లు ఎదురుచూస్తుంటే, పక్కకు జరిగి దారి ఇవ్వండి. కొత్తవాడిగా మీరే ఆ మాట ముందు అంటే మిగిలిన ముగ్గురికీ మీ మీద గౌరవం పెరుగుతుంది.

స్కోరుకార్డు

హ్యాండిక్యాప్ గురించి ఒక చిన్న చేర్పు. 2020 నుంచి ప్రపంచ హ్యాండిక్యాప్ వ్యవస్థ అమల్లోకి వచ్చింది. అంతకుముందు వేర్వేరు దేశాల్లో ఉన్న ఆరు పద్ధతులను కలిపి దాన్ని తయారు చేశారు. కాబట్టి ఊరు మారినా, దేశం మారినా మీ ఇండెక్స్ మీతోనే వస్తుంది. కోర్సు కష్టాన్ని బట్టి సవరించిన చివరి 20 స్కోర్లలో మేలైన 8 స్కోర్ల సగటు మీద అది ఆధారపడుతుంది. సొంత స్థలం లేకుండా, పబ్లిక్ కోర్సును కేంద్రంగా చేసుకుని నడిచే గోల్ఫ్ సంఘాలు చాలాచోట్ల ఉంటాయి. పెద్ద ఖర్చుతో క్లబ్బులో చేరకుండానే అలాంటి సంఘం ద్వారా ఇండెక్స్ కొనసాగించుకోవచ్చు, వారి నెలవారీ పోటీల్లో పాల్గొనవచ్చు. మనుషులు దొరకాలని నాలుగోఆటగాడు గారు చెప్పిన దానికి ఇదే దగ్గరి దారి.

ఊరంతాఆట

నాలుగోఆటగాడు గారి వాదనలో బలముందని ఒప్పుకుంటున్నాను, అయినా పబ్లిక్ కోర్సుల్లో ఉన్న వైవిధ్యాన్ని వదులుకోవద్దని మాత్రం చెబుతాను. పబ్లిక్ అనగానే రెండో తరగతి అనుకునేవారు ఇంకా ఉన్నారు. శాన్ డియేగో నగరానికి చెందిన టోరీ పైన్స్ 2008లోనూ 2021లోనూ అమెరికా ప్రధాన గోల్ఫ్ పోటీ యూఎస్ ఓపెన్‌కు వేదికైంది. న్యూయార్క్ రాష్ట్ర ఉద్యానవనంలోని బెత్‌పేజ్ బ్లాక్ 2002, 2009లలో అదే పోటీని నిర్వహించింది. స్కాట్లాండ్‌లోని సెయింట్ ఆండ్రూస్ ఓల్డ్ కోర్సు కూడా ప్రజలదే. అక్కడ మామూలుగా ఆదివారం ఆట ఉండదు, ఊరివాళ్లు ఆ ఫెయిర్‌వేల మీద నడకకు వెళతారు. మీ కొత్త నగరంలో అలాంటివి ఉన్నా లేకపోయినా, ఒక్కొక్క పబ్లిక్ కోర్సుకూ ఒక్కొక్క స్వభావం ఉంటుంది. దాన్ని చూడకుండా వదిలేయడం నాకు బాధగా ఉంటుంది.

కొత్తటీ

మీ సలహాల ప్రకారం ఇంటికి దగ్గరలో, స్లోప్ తక్కువగా ఉన్న ఒక కోర్సుకు ఫోన్ చేసి, పనిదినం మధ్యాహ్నం ముగ్గురి జట్టులో చోటు సంపాదించాను. స్టార్టర్‌ను అడిగితే ఏడో హోల్‌లో కొండ అంచు వెనక నీరుందని, డ్రైవర్ (ఎక్కువ దూరం కొట్టే కర్ర) తీయవద్దని చెప్పారు. ఆ మాట విని 5-ఐరన్‌తో కొట్టాను, బంతి నీటికి ఇవతలే ఆగింది. మా జట్టులో ఇద్దరు విశ్రాంత ఉపాధ్యాయులు ఉన్నారు, వచ్చే వారం కూడా రమ్మన్నారు. కప్పు అంచు పదునుగానే ఉంది. అయితే గ్రీన్‌ల మీద వరుసలు వరుసలుగా, పెన్సిల్ మందాన, ఇసుక నిండిన చుక్కలు కనిపించాయి. చాలావరకు పచ్చిక మూసుకుంది గానీ నెమ్మదిగా కొట్టిన పుట్‌లు కప్పు దగ్గర కొద్దిగా అటూ ఇటూ కదిలాయి. పచ్చికపని గారూ, ఇవి ఎయిరేషన్ గుర్తులేనా? వచ్చే వారానికి మూసుకుపోతాయా?

పచ్చికపని

అవి ఎయిరేషన్ గుర్తులే. ఇసుక పైకి కనబడుతూ, చుట్టూ పచ్చిక అంచులు లోపలికి పాకుతున్నాయంటే చివరి దశలో ఉన్నట్టు. పచ్చిక చురుకుగా పెరిగే కాలమైతే వారం పది రోజుల్లో మూసుకుంటాయి. చలికాలమైతే ఇంకాస్త పడుతుంది. వచ్చే వారం వెళ్లినప్పుడు ప్రాక్టీస్ గ్రీన్ మీద ఆరడుగుల దూరం నుంచి నాలుగైదు పుట్‌లు నెమ్మదిగా కొట్టి చూడండి. బంతి చివరి అడుగులో తిన్నగా ఆగితే గ్రీన్ కోలుకున్నట్టే. ఇంకా కదులుతుంటే ఆ రోజు కప్పు వెనక అంచుకు తగిలేలా కాస్త గట్టిగా కొట్టండి. ఒక ఉపకారం కూడా చేయండి: మీ బంతి చేసిన గుంటతో పాటు పక్కనున్న మరొకదాన్ని కూడా సరిచేయండి. గుంటలు సరిచేసే చిన్న ఫోర్కును గుంట అంచున గుచ్చి పచ్చికను మధ్యకు నెట్టాలి తప్ప, అడుగు నుంచి పైకి ఎత్తకూడదు. పైకి ఎత్తితే వేళ్లు తెగి ఆ చోటు ఎండిపోతుంది.